గడీ జీర్ణోద్ధరణము

గత కార్తికమాసములో నొక సాయంకాలము మా యూరి పెద్దలు నలుగురు మా యింటికి వచ్చిరి. మా యూరు జనగామకు ఇరువది కిలోమీటర్ల దూరమున నున్న చిన్న గ్రామము. పేరు చెప్పనక్కరలేదు, ఏలయన నేను చెప్పబోవు సంగతి ఈ ప్రాంతమున అనేక గ్రామములకు చెల్లును. ఊరి నడుమనున్న పాతగడీని బాగుచేయించి అందొక గ్రంథాలయము పెట్టవలెనని వారి సంకల్పము. పట్నమున స్థిరపడిన దొరవారి వారసులు గడీని గ్రామమునకు వ్రాసియిచ్చుటకును, మరమ్మతునకు కొంత ధనమిచ్చుటకును ఒప్పుకొనిరట. "దర్వాజ కాడ రాతిమీద గడీ చరిత్ర చెక్కిస్తం, పంతులుగారూ. ఒక పేజీ మించకుండ మీరే రాసియ్యాలె" అని వారు కోరిరి. నేను సంతోషముతో నంగీకరించితిని.

నా సంతోషమునకు కారణము కలదు. నేను అక్షరములు దిద్దినది ఆ గడీలోనే. దొరలు ఊరు విడిచిన పిమ్మట దాని కచ్చేరీసావడిలో చాలకాలము ప్రాథమికపాఠశాల నడచినది. పైకప్పు కారుట మొదలైన తరువాత బడిని వేరుచోటికి మార్చిరి. టేకుస్తంభములకు వీపు నానించి కూర్చుండి ఎక్కములు వల్లించిన దినములు నాకు నిన్నమొన్నటివలె నున్నవి. అటుపిమ్మట సంస్కృతము చదివితిని, ఆంగ్లము చదివితిని, భూపాలపల్లి, మహబూబాబాదు ప్రాంతములందు ఉపాధ్యాయుడనై తిరిగి, నలువదియేండ్లు దాటిన పిదప స్వగ్రామమునకు వచ్చితిని. పోయిన ప్రతిచోటను పాతకట్టడములు చూచుట నాకు వ్యసనము. గణపురము కోటగుళ్ళను చూచితిని. 1213లో వెలసి, 2021లో ప్రపంచవారసత్వపు జాబితాకెక్కిన రామప్పదేవాలయమును ఎన్నిమారులు చూచితినో లెక్కలేదు. ఇంతకాలమునకు నా యూరి కట్టడమును గూర్చి వ్రాయు భాగ్యము కలిగెనుగదా యని యుప్పొంగితిని.

గడీ యనగా నేమో తెలంగాణమువారికి చెప్పనవసరములేదు; తక్కినవారికొరకు రెండుమాటలు చెప్పెదను. అది ఇల్లును, కోటయు, కచ్చేరియు, ధాన్యపుకొట్టును, ఒక్కొక్కప్పుడు చెరసాలయు గూడ. మా గడీకి చుట్టును రెండుమనుష్యుల యెత్తు ప్రాకారమును, మూలలందు బురుజులును కలవు. ఇనుపగుబ్బల దర్వాజ దాటినంతనే కచ్చేరీసావడి; దానివెనుక దివాన్‌ఖానా; ఆవల నాలుగువైపుల వసారాలు గల లోపలియిల్లు. గోడలు రాతితోను ఇటుకతోను కట్టి డంగుసున్నముతో పూసినవి. నిజామురాజ్యమున దేశ్‌ముఖులకు శిస్తు వసూలు చేయుటయే మొదటివృత్తి. ఆ వృత్తి పోయిన పిమ్మటను భూములును, అధికారమును, భయమును వారి చేతియందే నిలిచినవి. ఆ మూడింటికిని రాతిలో కట్టిన రూపమే గడీ.

నేను వారము దినములు కూర్చుండి ఒక పుట వ్రాసితిని. కట్టినవారి పేర్లు, వంశక్రమము, స్తంభముల సంఖ్య, దర్వాజపై చెక్కడముల సొగసు, డంగుసున్నపు దార్ఢ్యము, గడీలో బడి నడచిన సంగతి అన్నియు నందున్నవి. భాష ప్రౌఢముగా నున్నదని నాకే ముచ్చటగలిగినది.

ఈలోపల పని మొదలైనది. మహబూబాబాదు వైపునుండి పాతపని తెలిసిన వృద్ధమేస్త్రి యొకడు వచ్చెను. పదియేండ్లక్రింద ఎవరో సావడిగోడకు సిమెంటుపూత పూయించియుండిరి. మేస్త్రి మొదట దానిని చెక్కించివేసెను. పైకి నున్నగా నున్న ఆ పూతక్రింద ఇటుకలు పిండియై రాలినవి. ఇదేమని నేనడుగగా నతడు చెప్పెను: "సున్నం ఊపిరి తీస్తది, సారూ. గోడల చెమ్మ మెల్లగ బయటికి పోతది. సిమెంటు ఊపిరి తియ్యనియ్యది. చెమ్మ లోపల్నే ఉండి గోడను తింటది." పిమ్మట గానుగ త్రవ్వించి, సున్నమును ఇసుకను రోజులతరబడి నూరించి, కరక్కాయనీరును బెల్లపునీరును కలిపించెను. బాగుచేయుటయనగా కప్పివేయుట కాదని ఆ దినమున కంటితో చూచితిని. కాని నా వ్రాతకును ఆ మాట వర్తించునని అప్పటికి తోచలేదు.

తోపించినది ఒక ముసలమ్మ. ఆమె మా యూరి చాకలియింటి ఆడుబిడ్డ, తొంబదియేండ్లకు చేరువయైనది. గానుగ చప్పుడు విని కఱ్ఱపోటుతో వచ్చి దర్వాజ బయటనే నిలిచినది. "లోపలికి రా, అవ్వా" అంటిని. "నేను రాను బిడ్డా. ఈ గడప దాటనని మా అవ్వకు మాటిచ్చిన" అని రాతిపై కూర్చుండెను. ఆమెకు సంతోషము కలుగునని తలచి నా వ్యాసమును తేటమాటలలో చదివి వినిపించితిని. ఆమె కడవరకు విని, "మంచిగున్నది పంతులూ. మరి సున్నం మోసినోళ్ళు ఎవలో రాసినవా?" అని యడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు. ఆమె యిట్లు చెప్పెను: "ఆ లోపలి వసారా కట్టిన్నాడు నేను ఇంతపిల్లను. మా అవ్వ పొద్దుగాల గడీబట్టలు ఉతికి, పగటీలి సున్నం మోసేది. మా తమ్మునికి పాలియ్యబోతె పెద్దపాలేరు పోనియ్యలే. పిల్లగాడు ఏడ్చి ఏడ్చి చెట్టుకింద పండుకున్నడు. కూలి ఇయ్యలే, అడిగినోళ్ళు లేరు." ఇందులో కోపముగాని కన్నీరుగాని లేదు. లెక్క యప్పజెప్పినట్లు చెప్పి లేచిపోయినది.

లెక్క యనగానే నా గుండె ఝల్లుమన్నది. ఆ గడీలో లెక్కలు వ్రాసినవారు మా తాతగారు.

మా యింటి అటకమీద ఆయన దప్తరపుమూట యున్నదని నాకు తెలియును. ఇంతకాలము దానిని విప్పి చూడలేదు. తాతగారి దస్తూరి ముత్యములవంటిదని మా తండ్రిగారు చెప్పగా వినుటయే. ఆ రాత్రి దించి విప్పితిని. ఫసలీ 1352, అనగా 1942–43వ సంవత్సరపు పద్దులలో లోపలివసారా కట్టిన లెక్క దొరికినది. టేకు దూలములకు ఇన్ని రూపాయలు, మేకులకు ఇన్ని అణాలు, బెల్లమునకు ఇంత, అన్నియు హాలీసిక్కాలో పైసతోకూడ వ్రాసియున్నవి. వానిక్రింద మనుష్యుల పద్దు: చాకలి యిండ్లనుండి ఇందరు, మాదిగ యిండ్లనుండి ఇందరు, కుమ్మరులు, గొల్లలు, బండ్లు, ఎడ్లు. ఎదుట రూపాయలు వేయవలసిన గడిలో ప్రతిపంక్తియందును ఒకే మాట: "వెట్టి." బెల్లమునకు ధర యున్నది, మనిషికి లేదు. ఆ మాటను వ్రాసిన దస్తూరి నిజముగా ముత్యములవంటిదే.

తాతగారు కఠినులు కారని మా యింట చెప్పుకొందురు. ఎవరినిగాని తిట్టి యెరుగరట, చేయిచేసికొని యెరుగరట. నేనును అది నమ్మెదను. కాని ఆయన చేసినపని యేమి? అన్యాయమును చక్కని యక్షరములలో నమోదు చేయుట. చదువుకొన్నవారు అన్యాయమునకు చేయు సేవ చాలవరకు ఇట్టిదే. కొరడా పట్టరు, కలము పట్టుదురు. నా ప్రౌఢవ్యాసముగూడ ఆ పద్దుపుస్తకమునకు కొనసాగింపువలె నా కంటికి కనబడెను. ఆయన కూలిగడిలో "వెట్టి" యని యైన వ్రాసియుండిరి. నేను ఆ పద్దునే యెత్తివేసితిని.

పెద్దలకు వ్యాసమీయక రెండువారములు జాగుచేసితిని. ఆ నడుమ పరీక్షాపత్రముల పనిమీద హైదరాబాదు వెళ్ళవలసివచ్చి, ఒక పూట తీరిక దొరకగా కోఠిలోని పాత రెసిడెన్సీభవనమును చూచివచ్చితిని. తెలుగునేలపై ఇంగ్లండుదేశపు పల్లెప్రభువుల మహాగృహములను తలపించు కట్టడమేదియని యడిగినచో మొదట చూపవలసినది దానినే. ఎత్తైన కొరింథియను స్తంభములు, విశాలమైన మెట్లవరుస, ఇరువైపుల సింహములు, లోపల దర్బారుశాల. అంతయు ఆ దేశపు పోకడయే. నిజాము ఆస్థానమున 1798 నుండి రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ దీనిని 1803 ప్రాంతమున మొదలుపెట్టించెను. నిర్మాణకౌశలము మద్రాసు ఇంజనీరు సామ్యూలు రస్సెల్‌ది. వ్యయములో పెద్దభాగము నిజాముది. కర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో మరణించినందున పూర్తియైన సౌధమున సుఖముగా నివసించుట అతనికి దక్కలేదు.

ఈ భవనపు స్థలమును గూర్చి జాన్ మాల్కమ్ చెప్పిన కథ యొకటి కలదు. రెసిడెంటు మొదట స్థలపుపటమును పెద్ద కాగితముమీద గీయించి నిజామునకు చూపెనట. నిజాము నిరాకరించెను. పటము మరీ పెద్దదగుటయే కారణమని తెలిసికొని, అదే స్థలమును చిన్న చీటీమీద గీయించి చూపగా నతడు సమ్మతించెనట. చదివినప్పుడు నేను నవ్వుకొన్న కథయే యిది. ఈమారు నవ్వు రాలేదు. కాగితముమీద చిన్నదిగా గీచిన నేల నిజముగా చిన్నది కాదు; పద్దులో ఒక్కమాటగా వ్రాసిన ఏడాదికష్టమును చిన్నది కాదు.

కర్క్‌పాట్రిక్ హైదరాబాదు కులీనవంశజయైన ఖైరున్నిసాను పెండ్లాడెను. ఘోషాలోనున్న ఆమె భవనపు ముఖభాగమును చూడజాలదని, ఆమె తోటలో దాని చిన్న ప్రతిరూపమును కట్టించెనని చెప్పుకొందురు. వారి యిద్దరుపిల్లలను 1805లో ఇంగ్లండునకు పంపివేసిరి. తల్లి మరల వారిని చూడలేదు. 1857 జూలై 17వ తేదీన తుర్రేబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీనుల నాయకత్వమున జనులు ఈ రెసిడెన్సీమీదికే దండెత్తిరి. దొరతనపు కాలము తీరిన పిమ్మట 1949లో, అంతకు పాతికేండ్లక్రింద స్థాపితమైన బాలికల కళాశాల ఈ భవనమునకు మారినది. ఒకప్పుడు ఒక స్త్రీ చూడరాని సౌధము వేలకొలది ఆడుపిల్లల చదువులకు నిలయమైనది.

కాలక్రమమున పైకప్పులు కారి, పూతలు రాలి, భవనము ప్రమాదస్థితికి వచ్చినది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండను అంతర్జాతీయసంస్థ దీనిని అపాయముననున్న కట్టడముల జాబితాలో చేర్చినది. ఏండ్లతరబడి సాగిన శ్రమచే ఇటీవల భవనము మరల తలయెత్తినది. సున్నపుపని నవకముగా మెరయుచున్నది. కాని నన్ను నిలువబెట్టినది భవనము కాదు, విశ్వవిద్యాలయపు పేరు. 2022లో మహిళావిశ్వవిద్యాలయముగా మారిన ఆ కళాశాలకు 2024లో పెట్టిన పేరు వీరనారి చాకలి ఐలమ్మ.

ఐలమ్మ మా జనగామజిల్లా పాలకుర్తి మనిషి. ఆమె కౌలుకు చేసికొన్న కొద్దిపాటి పొలము పంటను విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి మనుష్యులు పట్టుకొనిపోజూచినప్పుడు ఆంధ్రమహాసభ సంఘమువారి యండతో ఆమె ఎదిరించి నిలిచి, పంటను తన యింటికి చేర్చుకొన్నది. ఆ దేశ్‌ముఖు పలుకుబడి అరువది గ్రామములందు సాగెననియు, నలువదివేల యెకరములు అతని చేతనుండెననియు ఆ పోరాటచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకిగుండునకు నేలకొరిగినదియు ఆ దొర యేలుబడిలోనే. అటుపిమ్మట జరిగిన సాయుధపోరాటమును, 1948 సెప్టెంబరులో నిజాముపాలన ముగియుటయు, 1950నాటి కౌలుదారుచట్టమును చరిత్రపుస్తకములకెక్కినవి. ఐలమ్మ 1985 వరకు జీవించినది. పాలకుర్తి సోమనాథుని బసవపురాణమున మడివాలు మాచయ్యయను చాకలిభక్తుని కథ కలదు. ఏడువందలయేండ్ల క్రిందటనే చాకలివానిని కావ్యమునకెక్కించిన కవి పుట్టిన యూరిలోనే యొక చాకలిస్త్రీ తన పంటకొరకు దొరతో పోరాడవలసివచ్చినది. కావ్యమున కలిగిన గౌరవము కళ్ళమునకు చేరుటకు ఎంతకాలము పట్టినదో చూడుడు.

ఆ మెట్లమీద నిలిచి నేను ఆలోచించితిని. ఇంగ్లీషుదొర కట్టించి, నిజాము ధనమిచ్చి, ఎందరో పేరులేని కూలీలు మోసిన సౌధమునకు ఇప్పుడు మా ప్రాంతపు చాకలిస్త్రీ పేరు. ఇది కట్టడమును కించపరచుట కాదు. స్తంభము లట్లే యున్నవి. సింహము లట్లే యున్నవి. కర్క్‌పాట్రిక్ కథను ఎవరును చెరిపివేయలేదు. కథలో కొరవడిన భాగము వచ్చి చేరినది, అంతే.

ఇంగ్లండులోను ఈ చర్చ తెమలలేదు. ఆ దేశమున ఇరువదవశతాబ్దమున మరణపుపన్నులకును పోషణవ్యయమునకును తాళలేక వందలకొలది పల్లెమహాగృహములు నేలమట్టమైనవి. మిగిలినవానిలో అనేకములను 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు రక్షించినది. ఆ ట్రస్టే 2020లో, తన యధీనములోని 93 స్థలములకు బానిసవ్యాపారముతోనో వలసరాజ్యములతోనో సంబంధము గలదని యొక నివేదిక ప్రకటించినది. అందుపై పెద్దదుమారము లేచెను. అందమును చూడవచ్చినవారికి అపరాధము చూపుటెందుకని కొందరు. అందమునకు సొమ్మెక్కడిదో చెప్పకుండుట అబద్ధమని కొందరు. 1877లో విలియం మారిస్ ప్రాచీనగృహరక్షణకై సంఘము స్థాపించినప్పుడు చెప్పిన ముఖ్యసూత్రము ఇది: పాతకట్టడమునకు మరమ్మతు చేయుము, ఊహించి క్రొత్తముఖము తొడుగకుము. గోడలకు పనికివచ్చు నియమము చరిత్రకు పనికిరాదా?

మన సంస్కృతమున జీర్ణోద్ధార మను మాట యున్నది. అగ్నిపురాణమున నందులకు ప్రత్యేకాధ్యాయమే కలదు. ఉద్ధరించుటయనగా పైకెత్తుట. పడినదానిని ఎత్తుటయే కాదు, పూడిపోయినదానిని పైకి తీయుటయు ఉద్ధరణమే యని నేను పిల్లలకు వ్యుత్పత్తి చెప్పుచునేయుంటిని. చెప్పినదానిని చేయవలసిన సమయము ఇప్పుడు వచ్చినది.

తిరిగివచ్చి పాతవ్యాసమును చింపి క్రొత్తది వ్రాసితిని. పెద్దల సభలో చదివినప్పుడు అందరును సంతోషింపలేదు. "ఎనభై ఏండ్ల ముచ్చట ఇప్పుడెందుకు? దొరవారి మనుమలు మంచోళ్ళు, పైసలిస్తున్నరు, వాళ్ళ మనసు నొచ్చుకోదా?" అని యొకరనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. తాతలు చేసినదానికి మనుమలు దోషులు కారు. "అసలు దాన్ని కూలగొట్టి ఆ జాగల ఇండ్లు కట్టుకుంటె పాయె" అని యొక యువకుడనెను. అందులోను న్యాయమున్నది. గడీనుండి ఏమియు పొందనివారికి దానిపై మమకార ముండవలెనని నియమమేమి? దొరవారి మనుమరాలికి నేనే ఉత్తరము వ్రాసి, పద్దుపుట ప్రతిని జతపరచితిని. ఆమె పదిదినములకు బదులు వ్రాసెను. చదువుటకు కష్టముగా నున్నదనియు, తీసివేయవద్దనియు రెండేవాక్యములు.

కూలగొట్టుమన్న మాటకు బదులు చెప్పినది నేను కాదు. దర్వాజ బయటి రాతిపై కూర్చున్న ముసలమ్మ. "ఎందుకు కూలగొడ్తరు? అది దొర కట్టిండా? మా అవ్వ మోసిన సున్నం అది. ఉండనియ్యి" అన్నది.

ఇప్పుడు రాతిపై చెక్కింపబడుచున్న పాఠమున కట్టించినవారి పేర్లున్నవి. వానిక్రిందనే, ఫసలీ 1352 పద్దు ననుసరించి, ఏయే యిండ్లవారు ఎన్నిదినములు కూలిలేక పనిచేసిరో యున్నది. దప్తరములో పేర్లు లేవు, ఇండ్లలెక్కలు మాత్రమే. కనుక మా పదవతరగతి పిల్లలు ఇల్లిల్లు తిరిగి వృద్ధులనడిగి, ఇద్దరు ముగ్గురు ఒకేవిధముగా చెప్పిన పేర్లను మాత్రము సేకరించిరి. పదునేడు పేర్లు దొరికినవి. ముసలమ్మతల్లి పేరు వానిలో మొదటిది. కడపటిపంక్తిలో, ఈ లెక్కలు వ్రాసినవారు ఫలానా గుమాస్తా యని మా తాతగారి పేరును చేర్చితిని. మా తండ్రిగారు దానిని చదివి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "పేరులో వత్తు తప్పుపోయినది, దిద్దించు" అని మాత్రమనిరి.

వసారా పూత యారుచున్నది. పుస్తకములు వచ్చుటకు ఇంకను నెలలు పట్టును. ముసలమ్మ మాత్రము గడప దాటలేదు. తల్లి కిచ్చినమాట తప్పరాదుగదా. అందుచేత చదువుగది తలుపును దర్వాజకెదురుగా పెట్టుమని మేస్త్రికి చెప్పితిని. లోపల పిల్లలు చదువుచుండగా బయటి రాతిమీదికి వినబడవలెను.